రాకస్ ఎక్కడ, స్ట్రైడెంట్ ఎక్కడ: చెవిని గీరే ఇంగ్లిష్ మాటల లాటిన్ మూలం పట్టుకోవడం ఎలా

"రాకస్‌కీ స్ట్రైడెంట్‌కీ తేడా ఏంటండీ? డిక్షనరీ చూస్తే రెండింటికీ 'కర్కశమైన' అనే ఉంది." ఈ ప్రశ్న ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడం మానేశాను. డిసొనెంట్, డిస్కార్డెంట్, వొసిఫరస్, అబ్‌స్ట్రెపరస్ గురించీ ఇదే గొడవ. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ, అనువాదాలు చేసేవాళ్లకూ ఒకటే తిప్పలు. విడివిడిగా జవాబులు రాసే బదులు పద్ధతి మొత్తం ఇక్కడ పెడుతున్నాను. ఒక్కసారి చేసి చూస్తే తర్వాత ఏ మాట ఎదురైనా మీరే తేల్చుకోగలరు.

డిక్షనరీని తప్పుపట్టలేం. దానికి చోటు తక్కువ. కర్కశం, కఠోరం, కర్ణకఠోరం అనే మూడు మాటలతోనే పాతిక ఇంగ్లిష్ మాటల్ని గట్టెక్కించాలి. నేనూ దీనికి బలైనవాణ్ణే. ఒకసారి ఒక కథ అనువదిస్తుంటే, పెళ్లింట్లో స్నేహితులంతా చేరి నవ్వుతున్న చోట రాకస్ అని ఉంది. డిక్షనరీ చూసి 'కర్కశమైన నవ్వులు' అని రాసి పంపేశాను. ఎడిటర్ ఆ మాట చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఒక్క ముక్క రాశారు: "వీళ్లంతా రాక్షసులా?" ఆ స్నేహితులు గొంతులు బొంగురుపోయేలా పగలబడి నవ్వుతున్నారంతే. అందులో కర్కశం ఏమీ లేదు.

ఆ దెబ్బతో నాకు తెలిసిందేమిటంటే, ఈ లాటిన్ మూలాల్లో ఎక్కువ భాగం మొదట్లో ఒక ఫలానా చప్పుడుకు పేర్లు. ఒకటి తలుపు కిర్రుమనడం, ఒకటి గొంతు బొంగురుపోవడం, ఇంకొకటి ఎండుకొమ్మ ఫెళ్లున విరగడం. మన తెలుగుకు ఇలాంటి చప్పుళ్ల మాటలు కొల్లలు. లాటిన్ మూలానికి సరైన తెలుగు చప్పుడును జతచేస్తే సగం పని అయిపోయినట్టే.

కావలసినవి

- మాట పుట్టుకను చూపే ఇంగ్లిష్ డిక్షనరీ ఒకటి. ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీ, విక్షనరీ రెండూ ఉచితమే.
- లాటిన్ నిఘంటువు. 1879లో వచ్చిన లూయిస్–షార్ట్ నిఘంటువు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పాతదైనా ఈ పనికి బాగా సరిపోతుంది, ఎందుకంటే ప్రతి మాటనూ ఏ కవి దేని గురించి వాడాడో అందులో ఉంటుంది.
- ఒక నోటుపుస్తకం.
- చప్పుడును నోటితో అనిపించడానికి సిగ్గుపడని మనసు. ఇది తమాషాకి అనడం లేదు.

లాటిన్ వ్యాకరణం అక్కర్లేదు. లాటిన్ నిఘంటువు వాడటం ఇబ్బంది అనిపిస్తే, మూడో మెట్టులో దానికి బదులు మార్గం చెప్పాను.

1. ముందు అది లాటినేనా అని చూడండి

చాలామంది ఈ మెట్టు ఎక్కకుండానే పైకి పోతారు. హార్ష్ అనే మాటే లాటిన్ కాదు, ఇంగ్లిష్, జర్మన్ లాంటి భాషలుండే జర్మానిక్ కుటుంబానిది. హోర్స్, ష్రిల్, స్క్రీచ్ కూడా అంతే. గ్రేట్ (అంటే కోరు, గీరు), రాస్ప్ అనేవి ఫ్రెంచి మీదుగా వచ్చినా వాటి పుట్టిల్లు జర్మానికే. వీటికి లాటిన్ మూలం వెతుకుతూ కూర్చుంటే పొద్దుపోతుంది గానీ ఏమీ దొరకదు.

ఇక్కడ రెండు గోతులున్నాయి. గ్రేట్ అనగానే గ్రాటిట్యూడ్, గ్రేట్‌ఫుల్ గుర్తొచ్చి, "ఆహా, లాటిన్ గ్రాటుస్" అనుకుంటారు. కాదు. కృతజ్ఞతకు సంబంధించిన ఆ మాటలకూ, కోరే ఈ మాటకూ ఏ చుట్టరికమూ లేదు. రెండోది కకాఫనీ. ఇది గ్రీకు: కకోస్ అంటే చెడ్డ, ఫోనే అంటే ధ్వని. మనవాళ్లకు మాత్రం అది వినగానే కాకిగోల తడుతుంది. జ్ఞాపకం పెట్టుకోవడానికి కాకి బాగానే పనికొస్తుంది, ఉంచుకోండి. పరీక్షలో పుట్టుక అడిగినప్పుడు మాత్రం కాకిని బయటికి రానివ్వకండి.

లాటిన్ అని అనుమానించడానికి గుర్తులు మాట చివర్లో ఉంటాయి. -అస్ (రాకస్, అబ్‌స్ట్రెపరస్, స్టెర్టొరస్), -ఎంట్ (స్ట్రైడెంట్, సిబిలెంట్), -అర్ (క్లామర్, క్లాంగర్). ఇవి కేవలం అనుమానాలే. రుజువు డిక్షనరీలోనే చూడాలి.

డిన్ అనే పొట్టి మాట సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చెవులు చిల్లులుపడే రొద అని దాని అర్థం. అది పాత ఇంగ్లిష్ మాట, లాటిన్‌తో సంబంధం లేదు. కానీ మన ధ్వనికి అది దూరపు బంధువు. సంస్కృతం, లాటిన్, ఇంగ్లిష్ ఒకే పెద్ద కుటుంబం కాబట్టి ఇలాంటి బంధుత్వాలు తగులుతూనే ఉంటాయి. మనకు అవి లాభం.

2. మాటను ముక్కలు చేయండి

ముందు ఉపసర్గ తీసేయండి, చివర ప్రత్యయం తీసేయండి, మధ్యలో మిగిలింది మూలం. ఈ చప్పుళ్ల మాటల్లో పదేపదే కనపడే ఉపసర్గలు నాలుగే:

- డిస్: విడిగా, వేరుగా. డిసొనెంట్, డిస్కార్డ్, డిస్క్రెపెన్సీ.
- ఒబ్ (ఇంగ్లిష్ పలుకులో ఇదీ అబ్ లాగే వినిపిస్తుంది): ఎదురుగా. అబ్‌స్ట్రెపరస్.
- అబ్: నుంచి దూరంగా. అబ్సర్డ్.
- ఎక్స్: బయటికి. ఎక్స్‌ప్లోడ్.

హెచ్చరిక: ఉపసర్గ తగిలితే మూలంలో అచ్చు మారిపోవచ్చు. ఎక్స్‌ప్లోడ్‌లో ప్లోడ్ అని వెతికితే నిఘంటువులో దొరకదు. అసలు మూలం ప్లౌడెరె, అంటే చప్పట్లు కొట్టడం. అప్లాజ్‌లో ఉన్నదీ అదే.

ఇంకో హెచ్చరిక అబ్‌స్ట్రెపరస్ గురించి. మధ్యలో స్ట్రెప్ కనిపించగానే కొందరు స్ట్రెప్టోకాకస్‌తో ముడిపెడతారు. ఆ బాక్టీరియా పేరులోది గ్రీకు మాట, మెలి తిరిగిన అని అర్థం. సూక్ష్మదర్శినిలో అవి గొలుసుల్లా కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. మన స్ట్రెపెరె వేరు, దాని అర్థం రొద చేయడం.

3. లాటిన్ నిఘంటువులో మూలాన్ని వెతకండి

నాకు అందే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే: "మీరు చెప్పినట్టే స్ట్రీడెరె అని కొట్టాను, లేదు అంటోంది." ఉంటుంది, ఇంకో రూపంలో. ఇంగ్లిష్ డిక్షనరీలు లాటిన్ క్రియను 'చేయడం' అనే రూపంలో ఇస్తాయి, లాటిన్ నిఘంటువులు 'నేను చేస్తున్నాను' అనే రూపంలో ఇస్తాయి. మన నిఘంటువుల్లో 'చేయు' అని వెతకాల్సింది పోయి 'చేస్తున్నాడు' అని వెతికినట్టన్నమాట.

కాబట్టి తోక మార్చండి. క్లామారె కోసం క్లామో, సొనారె కోసం సొనో, క్రెపారె కోసం క్రెపో, స్ట్రెపెరె కోసం స్ట్రెపో, ప్లౌడెరె కోసం ప్లౌడో, టిన్నీరె కోసం టిన్నియో. స్ట్రీడెరెకు స్ట్రీడెయో, స్ట్రీడో అనే రెండు రూపాలూ ఉన్నాయి, ఏది దొరికినా ఒకటే.

దొరికాక అర్థం ఒక్కటే చూసి మూసేయకండి. ఆ మాటను దేని గురించి వాడారో చూడండి. అసలు సరుకు అంతా అక్కడే ఉంది.

లాటిన్ నిఘంటువు వద్దనుకునేవాళ్లకు బదులు మార్గం: ఇంగ్లిష్‌లోనే అదే మూలం ఉన్న ఇంకో రెండు మూడు మాటలు పోగేయండి. స్ట్రైడెంట్ పక్కన వైద్యుల స్ట్రైడర్, కీటకశాస్త్రం వాళ్ల స్ట్రిడ్యులేట్ పెట్టి చూడండి. మూడింటిలోనూ సన్నగా, గీసినట్టుండే చప్పుడు ఉంది. మూలం దాని అంతట అదే బయటపడుతుంది.

4. మూలానికి తెలుగు చప్పుడు కట్టండి

పద్ధతికి గుండెకాయ ఇదే కాబట్టి కాస్త తీరిగ్గా చూద్దాం.

స్ట్రీడెరె నుంచి మొదలుపెడదాం. రోమన్ కవి వర్జిల్ రాసిన ఈనియడ్ కావ్యం మొదటి సర్గలో తుఫాను వస్తుంది. ఓడ మీద మనుషుల కేకలు, తాళ్ల చప్పుడు ఒకే పాదంలో వస్తాయి. కేకలకు ఆయన వాడిన మాట క్లామోర్. బిగుసుకుపోయి లాగుతున్న తాళ్లకు వాడిన మాట స్ట్రీడోర్. అదే సర్గలో ఇంకొంచెం ముందుకు పోతే కార్తేజ్‌లో కడుతున్న గుడి ఉంటుంది, దాని కంచు తలుపుల బందు తిరుగుతూ చేసే చప్పుడుకూ ఇదే క్రియ. తాడు, తలుపు బందు, ఈదురుగాలి. ఇప్పుడు మీరే చెప్పండి, తెలుగులో ఏ చప్పుడు ఇది? కిర్రు. కీచు. బొంగురు కాదు, హోరు కాదు. సన్నగా, పైస్థాయిలో, ఒకదాన్నొకటి రాసుకుంటూ వచ్చే చప్పుడు.

ఇక నోటుపుస్తకంలో 'స్ట్రీడెరె = కిర్రు, కీచు' అని రాసుకోండి. స్ట్రిడ్యులేట్ అంటే కీచురాయి రెక్క మీద రెక్క రుద్దుతూ అరవడం. మన భాష ఆ పురుగు పేరులోనే చప్పుడును పెట్టుకుంది, ఇంతకన్నా మంచి జ్ఞాపకం ఎక్కడ దొరుకుతుంది! స్ట్రైడర్ అంటే గొంతులో, శ్వాసనాళంలో దారి ఇరుకైనప్పుడు ఊపిరితో పాటు వచ్చే కీచుశబ్దం.

అదే వర్జిల్ రెండో సర్గలో ట్రాయ్ నగరం తగలబడుతుంటే మళ్లీ రెండు చప్పుళ్లను జంటగా పెట్టాడు. మనుషులది క్లామోర్, బాకాలది క్లాంగోర్. క్లామర్‌కూ క్లాంగర్‌కూ తేడా అడిగేవాళ్లకు ఆ ఒక్క పాదం చాలు. గొంతులోంచి వస్తే క్లామర్, లోహంలోంచి వస్తే క్లాంగర్. ఒకటి గగ్గోలు, ఒకటి ఖంగు.

రౌకుస్ అంటే బొంగురుపోయిన. రాకస్‌లో ఉన్నది ఇదే, స్ట్రైడెంట్‌కు సరిగ్గా అవతలి కొస. అది సన్నం, ఇది గరగర. మన రవం, ఈ రౌకుస్ ఒకే పాత ధాతువు పిల్లలని భాషావేత్తలు చెబుతారు.

మిగతావి గబగబా:

- క్రెపారె: ఫెళ్లుమనడం, చిటపటలాడటం. కీళ్లలో వచ్చే కరకర శబ్దానికి వైద్యులు క్రెపిటస్ అంటారు. గోడలో పగులుకు వాడే క్రెవిస్ కూడా ఫ్రెంచి మీదుగా ఇక్కడిదే.
- స్ట్రెపెరె: రొద, గలభా. ప్రత్యేకంగా ఒక వస్తువుది కాదు.
- స్టెర్టెరె: గుర్రు పెట్టడం.
- సిబిలారె: బుస్సుమనడం. స, ష లాంటి అక్షరాలను సిబిలెంట్స్ అనేది అందుకే.
- టిన్నీరె: గణగణ మోగడం. చెవుల్లో గుయ్‌మంటూ ఉండే టినిటస్ దీని బిడ్డ.
- సొనారె: ధ్వనించడం, అంతే. ఇందులో కర్కశం లేదు. సంస్కృతంలో స్వనం దీనికి తోబుట్టువు.

వొసిఫరస్ ఒక్కటి విడిగా చెప్పాలి. ఇందులో రెండు మూలాలున్నాయి. వోక్స్ అంటే గొంతు, ఫెర్రె అంటే మోయడం. వోక్స్‌కు మన వాక్కు బంధువు, ఫెర్రెకు మన భరించు బంధువు. గొంతును దూరంగా మోసుకుపోయేది అని అర్థం. చూశారా, ఇందులో చప్పుడు నాణ్యత గురించి ఏమీ లేదు. మృదువైన గొంతున్న మనిషి కూడా వొసిఫరస్‌గా ఎదిరించవచ్చు. బిగ్గరగా, ఆపకుండా మాట్లాడితే చాలు. దీన్ని 'కర్కశమైన' అని తెలుగు చేయడం శుద్ధ తప్పు.

5. ఇంగ్లిష్‌లోకి వచ్చాక అర్థం ఎంత జరిగిందో కొలవండి

మూలం దొరికింది కదా అని అక్కడే ఆగితే బోల్తా పడతారు. మాటలు ఇల్లు కదులుతూ ఉంటాయి.

స్ట్రైడెంట్ 17వ శతాబ్దంలో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇప్పుడు దాన్ని చప్పుడుకంటే విమర్శలకు, డిమాండ్లకు, వాదనలకు ఎక్కువ వాడతారు. ఒప్పుకోవాల్సిందే అన్నట్టు, చెవిలో కీచుమంటూ వచ్చే వాదన. జాగ్రత్త: ఈ మాటలో ఒక చురక ఉంది. అవతలివాడి వాదన నచ్చనప్పుడే దాన్ని స్ట్రైడెంట్ అంటారు, మన వాదనను మనం అనుకోం. ముఖ్యంగా ఆడవాళ్లు గట్టిగా మాట్లాడితే ఈ ముద్ర వేసే అలవాటు చాలా ఉంది, దాని మీద విమర్శా ఉంది. కాబట్టి రాసేముందు ఒక్క క్షణం ఆగండి.

రాకస్ 18వ శతాబ్దంలో వచ్చింది. బొంగురు అనే అర్థం నుంచి 'గొంతులు బొంగురుపోయేంత గోల' దాకా జరిగింది. సంబరం, జనం, నవ్వు, సభ, వీటి పక్కన హాయిగా కూర్చుంటుంది. తిట్టే కావాలని లేదు.

అబ్‌స్ట్రెపరస్ అంటే ఎదురు నిలబడి రొద చేసేది. లాటిన్‌లో అవతలివాడి మాట వినపడకుండా అరవడం అనే అర్థం ఉండేది. ఇప్పుడు చెప్పినమాట వినకుండా గోలచేసే పిల్లాడు, అదుపుకు రాని జనం. గోల ఒక్కటే ఉండి ఎదురు తిరగడం లేకపోతే ఈ మాట వాడకూడదు.

తర్వాత మూడు మాటలు. వీటిలో ఆ పాత చప్పుడు పూర్తిగా ఆరిపోయింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే.

అబ్సర్డ్: లాటిన్‌లో అబ్సర్డుస్ అంటే శ్రుతి తప్పిన. రోమన్ వక్త సిసిరో వక్తృత్వం మీద రాసిన గ్రంథంలో గొంతు దోషాల గురించి చెబుతూ ఈ మాట వాడాడు. శ్రుతి తప్పింది కాస్తా పొంతన లేనిది అయింది, ఇప్పుడు అర్థంపర్థం లేనిది. అందులో ఉన్న సర్డుస్ అంటే చెవిటి. లెక్కల్లో కరణులను సర్డ్స్ అంటారు కదా, అదే మాట. అరబ్బు గణితవేత్తలు ఆ సంఖ్యలను చెవిటివి అన్నారు, దాన్నే లాటిన్‌లోకి సర్డుస్ అని అనువదించారు.

డిస్క్రెపెన్సీ: వేరేగా ఫెళ్లుమనడం, అంటే ఒకదానితో ఒకటి చప్పుడు కలవకపోవడం. ఇప్పుడు రెండు లెక్కల మధ్య, ఇద్దరు సాక్షుల మాటల మధ్య కుదరని తేడా.

ఎక్స్‌ప్లోడ్: రోమన్ నాటకశాలలో నటుడు నచ్చకపోతే జనం చప్పట్లు కొట్టి వేదిక మీద నుంచి బయటికి తరిమేవారు. చప్పట్లతో గెంటడం, అదీ ఎక్స్‌ప్లోడ్. ఇంగ్లిష్‌లోనూ మొదట తిరస్కరించడం అనే అర్థం ఉండేది. పనికిరాదని తేలిపోయిన సిద్ధాంతాన్ని ఇప్పటికీ ఎక్స్‌ప్లోడెడ్ థియరీ అనడం ఆ పాత వాసనే. పేలడం అనే అర్థం తర్వాత వచ్చింది.

డిసొనెంట్ మాత్రం సంగీతం వదలకుండానే బయటికి పాకింది. 1957లో లియోన్ ఫెస్టింగర్ అనే మనస్తత్వవేత్త కాగ్నిటివ్ డిసొనెన్స్ గురించి పుస్తకం రాశాక, మనసులో రెండు ఆలోచనలు శ్రుతి కలవకపోవడానికీ అదే మాట స్థిరపడింది.

6. జతమాటలు చూసి తెలుగు చేయండి

మీరు అనుకున్న అర్థం పక్కన ఏ నామవాచకాలు వస్తున్నాయో వెతకండి. సెర్చ్‌లో మాటను, దాని పక్కన మీరు పెట్టాలనుకున్న మాటను కలిపి కోట్స్‌లో పెట్టి కొట్టండి. రాకస్ పక్కన లాఫ్టర్ పెడితే కుప్పలుగా వస్తాయి. రాకస్ పక్కన డోర్ హింజ్ పెడితే దాదాపు ఏమీ రాదు. అప్పుడు ఆ జత మానుకోండి.

తెలుగు చేసేటప్పుడు విశేషణాన్ని విశేషణంగానే దించాలన్న పంతం వద్దు. 'స్ట్రైడెంట్ గొంతు' అంటే 'కీచుగొంతు' సరిపోతుంది. 'రాకస్ క్రౌడ్' దగ్గర విశేషణం వెతికితే చిక్కుపడతారు, 'జనం ఒకటే గోల' అంటే తేలిపోతుంది. 'వొసిఫరస్ అపోజిషన్' అంటే 'గొంతు చించుకుని ఎదిరించారు'. మన భాషలో ఈ పని క్రియలే బాగా చేస్తాయి.

తరచూ దొర్లే తప్పులు

అన్నిటికన్నా ఎక్కువ కనిపించేది డిస్కార్డ్. సంగీతంలో కార్డ్ ఉంది కదా, డిస్కార్డ్ అంటే కార్డ్ చెడిపోవడం అనుకుంటారు. అందంగా ఉంది, తప్పు. డిస్కార్డ్‌లో ఉన్నది లాటిన్ కోర్, అంటే గుండె. మనసులు విడిపోవడం. కాంకర్డ్, అకార్డ్ కూడా ఆ గుండెవే. సంగీతంలోని కార్డ్ కూడా మొదట అకార్డ్‌కు పొట్టిరూపమే. తంత్రి అనే అర్థమున్న గ్రీకు మాట ప్రభావంతో తర్వాత దాని స్పెల్లింగ్‌లో హెచ్ దూరింది. డిస్కార్డ్‌లో హెచ్ లేకపోవడమే దీనికి సాక్ష్యం.

క్లామర్‌కూ గ్లామర్‌కూ ప్రాస తప్ప బంధుత్వం లేదు. గ్లామర్ పుట్టింది గ్రామర్ నుంచి, నమ్మబుద్ధి కాకపోయినా నిజం. క్లామర్ బంధువులు క్లెయిమ్, ఎక్స్‌క్లెయిమ్, ప్రొక్లెయిమ్.

నాయిస్ పుట్టుక గురించి ఒకే జవాబు రాయకండి. ఓడప్రయాణంలో వచ్చే వికారానికి లాటిన్‌లో నౌసెయా అనేవారు, ఫ్రెంచిలో అది గొడవ అయి ఇంగ్లిష్‌లోకి వచ్చిందని ఎక్కువమంది చెబుతారు. అందరూ ఒప్పుకోలేదు. 'బహుశా' అని ఒక మాట కలపండి.

ఉచ్చారణ: రాకస్ అనాలి, రౌకస్ కాదు. రౌకుస్ లాటిన్‌లో. కకాఫనీలో ఒత్తు రెండో అక్షరం మీద. కాకోఫోనీ అంటే మళ్లీ కాకి వస్తుంది.

స్ట్రైడర్, స్టెర్టర్ అనే వైద్యపదాలను కథల్లో అందం కోసం వాడకండి. ఒకటి ఇరుకైన శ్వాసదారి కీచు, ఇంకొకటి గుర్రు. స్ట్రైడర్ ప్రాణాపాయానికి గుర్తు కావచ్చు. తారుమారు చేస్తే డాక్టరు చదివినప్పుడు నవ్వడు, విసుక్కుంటాడు.

సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడం

మూడు చిన్న పరీక్షలు. మొదటిది, మీరు పట్టుకున్న మూలానికి ఇంకో రెండు మాటలు చెప్పగలగాలి, వాటిలోనూ ఆ చప్పుడు వినపడాలి. వినపడకపోతే మూలం తప్పు, లేదా అర్థం బాగా జరిగిపోయింది. రెండోది, ఇంగ్లిష్ వాక్యంలో ఆ మాట తీసేసి మీ తెలుగు చప్పుడు పెట్టి పైకి చదవండి. నవ్వొస్తే మళ్లీ చూడండి. మూడోది, మాటను కల్పించకుండా, ఎవరో రాసిన మూడు వాక్యాల్లో అది ఎలా ఉందో చూడండి.

కింద ఆరు సందర్భాలున్నాయి. జవాబు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని ప్రయత్నించండి.

1. నూనె లేని గేటు తెరిచినప్పటి చప్పుడు. జవాబు: స్ట్రైడెంట్. రాకస్ అని రాస్తే నాలుగో మెట్టు మళ్లీ చదవాలి.

2. మ్యాచ్ గెలిచాక తెల్లవార్లూ అభిమానుల కేకలు. జవాబు: రాకస్. అబ్‌స్ట్రెపరస్ కాదు, వాళ్లెవరికీ ఎదురు తిరగడం లేదు.

3. కూర్చోమంటే కూర్చోకుండా, చెప్పేది వినపడకుండా అరిచే పిల్లాడు. జవాబు: అబ్‌స్ట్రెపరస్.

4. కొత్త పన్ను వద్దంటూ ఊరంతా ఒక్కటై చేస్తున్న డిమాండ్. జవాబు: క్లామర్. వొసిఫరస్ విశేషణం కాబట్టి ఇక్కడ ఒంటరిగా నిలబడదు, దాని పక్కన నామవాచకం కావాలి.

5. రిజిస్టర్లో నలభై, బీరువాలో ముప్పై ఎనిమిది. జవాబు: డిస్క్రెపెన్సీ. చప్పుడేదీ లేదుగా అనకండి, ఐదో మెట్టులో అది ఎలా ఆరిపోయిందో చూశాం.

6. చెట్టు మీద సికాడా అనే పురుగు అరుపు. ఇది కావాలనే పెట్టాను. స్ట్రిడ్యులేట్ అని రాసి ఉంటారు, నేనూ చాలాకాలం అలాగే రాశాను. కీచురాయి విషయంలో అది సరే, రెక్కలు రుద్దుతుంది కాబట్టి. సికాడా మాత్రం ఏమీ రుద్దదు. దాని పొట్టకు రెండు పక్కలా టింబల్స్ అనే పొరలుంటాయి, వాటిని కండరంతో లోపలికి లాగి వదులుతూ మోగిస్తుంది. అందుకే దాని అరుపుకు శాస్త్రవ్యాసంలో ఈ మాట వాడితే దిద్దుతారు. వర్జిల్ కూడా తన గోపకావ్యాల్లో సికాడాలను స్ట్రీడెరెతో కలపలేదు, రౌకుస్ అన్నాడు.